పరకాల పెండ్లింట్లో గంగాళం మీద మా ఇంటిపేరు

పరకాలరోడ్డు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఒక విషయం మూడు రోజులుగా మనసులో తిరుగుతోంది, మీతో పంచుకుందామని రాస్తున్నాను.

మా ఇంటిపేరు గొడుగు. హన్మకొండలోనే పుట్టి పెరిగాను. బడిలో, కాలేజీలో, ఇప్పుడు ఆఫీసులో ఇంకో గొడుగు నాకు ఎదురుపడలేదు. మా తాత ఊరు శాయంపేట దగ్గర. అక్కడ కూడా ఈ ఇంటిపేరు మా ఒక్క ఇంటికే. మా తాతకు అన్నదమ్ములు లేరు, నాయినకూ లేరు. చావుకైనా పెండ్లికైనా మాకు పాలోళ్లు అంటూ వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

గురువారం ఆఫీసు దోస్తు తమ్ముడి పెండ్లికి పరకాల పోయాను. వాకిట్లో పందిరి కింద ఒక పెద్ద ఇత్తడి గంగాళంలో బియ్యం నానబెట్టారు. చేయి కడుక్కుందామని వంగితే దాని అంచు మీద చుక్కచుక్కగా పొడిచిన అక్షరాలు కనిపించాయి. చింతపండుతో ఏళ్లకేళ్లు తోమి తోమి సగం అరిగాయి. తడి వేలితో తుడిచి చూశాను. 'గొడుగు' అని ఉంది. 'డు' కొమ్ము దగ్గర ఒక చుక్క లోతుగా దిగి ఇత్తడి కొంచెం చీలింది. దాని పక్కన 'బా' అనే ఒక్క అక్షరం. ఆ తర్వాతంతా నున్నగా అరిగిపోయింది.

వాళ్ల ఇంటిపేరు వేరు, కులం వేరు అనుకున్నాను. అడిగితే దోస్తు "అది ఎప్పటి నుంచో ఇంట్లో ఉంది, మాకు తెలియదు" అన్నాడు. పెండ్లి హడావిడిలో ఎక్కువ అడగలేకపోయాను.

మా ఇంటిపేరు ఆ గంగాళం మీదికి ఎట్లా వచ్చి ఉంటుంది? మీకు ఇట్లాంటి అనుభవం ఏదైనా ఉందా? అరుదైన ఇంటిపేరు ఒకటే ఉన్న మనుషులు, ఊర్లు, వస్తువులు మీకు తెలిస్తే అవి కూడా చెప్పండి.

కాజీపేట_జంక్షన్ (రాత్రి 10:05)

తమ్ముడూ, పాత సామాన్ల దుకాణంలో కొని ఉండొచ్చు. స్టీలు వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఇత్తడి బిందెలన్నీ తూకానికి ఇచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకున్నాం. మా తాత పేరున్న చెంబు ఇప్పుడు ఎవరింట్లో ఉందో. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

ఇంటిపేరు మనిషిని దాటి పోవడం చూడాలంటే మన కాళోజీనే చూడు. కాళోజీ అనేది ఆయన ఇంటిపేరు, అసలు పేరు నారాయణరావు. 1914 సెప్టెంబరు 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు, పెరిగింది మా పక్కనే ఉన్న మడికొండలో. వాళ్ల అన్న రామేశ్వరరావు గారు ఉర్దూ కవి, ఆయనా కాళోజీనే. ఇప్పుడు వరంగల్‌లో హెల్త్ యూనివర్సిటీ కాళోజీ, హన్మకొండలో కళాక్షేత్రం కాళోజీ. డాక్టర్ సీటు కౌన్సెలింగ్ కోసం టెన్షన్ పడే పిల్లలంతా రోజుకు పదిసార్లు ఆ పేరు పలుకుతున్నారు. అది ఒక ఇంటి పేరని వాళ్లలో ఎంతమందికి తెలుసో.

పాలకుర్తి_పోరడు (రాత్రి 10:31)

మా దిక్కు ఇంటిపేర్లు అంటే ఊర్లే అన్నా. మా మండలంలోనే బమ్మెర ఉంది. బమ్మెర పోతన అంటే ఆ బమ్మెరే. పాల్కురికి సోమనాథుడి ఇంటిపేరులో మా పాలకుర్తి ఉంది. తాటికొండ అనే ఇంటిపేరు వాళ్లు ఉన్నారు, తాటికొండ అనే ఊరు స్టేషన్ ఘన్‌పూర్ పక్కన ఉంది, సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరు. పీవీ గారి ఇంటిపేరు పాములపర్తి. ఆయన 1921లో పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, దత్తత పోయింది వంగరకు. పాములపర్తి అనే ఊరేమో సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలో ఉంది. మనిషి ఒక ఊర్లో పుట్టి, ఇంకో ఊర్లో పెరిగినా ముందు మాత్రం మూడో ఊరి పేరు నడుస్తుంది.

నేను చెప్పాలనుకున్న అసలు మాట వేరే. చుక్కా రామయ్య సార్‌ది మా పాలకుర్తి మండలం గూడూరు. ఐఐటీ కోచింగ్ రామయ్య అంటే తెలియనివాళ్లు ఉండరు. ఒగ్గు కథ చెప్పిన చుక్కా సత్తయ్య గారిది లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురం. ఇద్దరిదీ జనగామ జిల్లానే, ఇద్దరిదీ చుక్క ఇంటిపేరే. ఒకరు లెక్కల మాస్టారు, ఇంకొకరు మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారి. వాళ్ల కుటుంబాలు వేరు, కులాలు వేరు. చిన్నప్పుడు నేను ఇద్దరూ అన్నదమ్ములే అనుకునేవాణ్ని. కాదని తెలిసిన రోజు కొంచెం వెలితి అనిపించింది.

సూటిగా (రాత్రి 11:12)

ఎవరికీ కోపం రావద్దు. మన దగ్గర ఇంటిపేరు అడిగేది ప్రేమతో కాదు, కులం ఏందో తెలుసుకోడానికి. ఇల్లు కిరాయికి పోతే మొదటి ప్రశ్న అదే. నాకు గది దొరకకుండా పోయింది రెండుసార్లు. ఇంటిపేరు మీద ఇంత మురిపెం ఎందుకో నాకు అర్థం కాదు.

నర్సంపేట_టీచరమ్మ (సోమవారం, ఉదయం 6:15)

సూటిగా బాబూ, నువ్వు చెప్పింది నిజం. ముప్పై రెండేండ్లు తెలుగు చెప్పాను, హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు వినగానే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవడం నా చెవులతో విన్నాను. అందుకే కొన్నాళ్లు ఇంటిపేర్లు వదిలి పేర్లతోనే పిలిచాను.

అయితే ఇంటిపేరు దక్కకపోవడం కూడా అన్యాయమే బాబూ. మన ఐలమ్మను చూడు. రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టి, పాలకుర్తిలో భూమి కోసం నిలబడిన మనిషి. ఆమె ఇంటిపేరు చిట్యాల. మనం ఎప్పుడైనా చిట్యాల ఐలమ్మ అన్నామా? 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడితే చాలా సంతోషపడ్డాను. ఆ బోర్డు మీద కూడా ఇంటిపేరు ఉండే చోట కులమే ఉంది. ఆమె పోరాటాన్ని ఆ పేరుతోనే జనం గుండెల్లో పెట్టుకున్నారు, నేను కాదనను. కానీ నా తరగతి పిల్లలకు మాత్రం చిట్యాల ఐలమ్మ అని ఒకసారి నోటితో పలికించేదాన్ని. చిట్యాల అంటే భూపాలపల్లి జిల్లాలో ఒక మండలం, నల్లగొండ జిల్లాలో ఇంకొకటి అని కూడా చెప్పేదాన్ని.

ఇక పరకాలరోడ్డు నాయనా, నీ గంగాళం సంగతి. దుకాణంలో కొన్నది కాదని నా మనసు చెబుతోంది. మా రోజుల్లో ఆడపిల్ల పెండ్లికి బాసండ్లు పెట్టేటప్పుడు దుకాణంలోనే కూర్చుని పేరు కొట్టించేవాళ్లు. చిన్న ఉలి, చిన్న సుత్తి. టిక్కు టిక్కుమని ఒక్కో చుక్క. అక్షరానికి ఇంతని తీసుకునేవాడు, అందుకని పొట్టి పేర్లు కొట్టించేవాళ్లు. పుట్టింటివాళ్లు పెట్టిన సామాను మీద పుట్టింటి పేరు ఉంటుంది. అత్తింట్లో అందరి గిన్నెలు కలిసిపోతాయి కదా, ఆ కోడలి సొత్తు ఏదో దానితోనే తెలిసేది.

నా బిందె మీద మా నాయిన ఇంటిపేరు ఇంకా ఉంది. నా సర్టిఫికెట్లలో, బ్యాంకు పుస్తకంలో, ఓటరు కార్డులో ఎక్కడా లేదు. నా పుట్టింటి పేరు ఇప్పుడు ఈ లోకంలో ఆ బిందె మీద ఒక్కటే మిగిలింది. ఆ ఇంట్లో పెద్ద ముసలామె ఎవరైనా ఉన్నారేమో అడుగు నాయనా. 'బా' అంటే ఆమె పేరే అయి ఉంటుంది.

పరకాలరోడ్డు (ఉదయం 7:50)

మేడమ్, మీరు రాసింది చదివి బస్సులో చాలాసేపు అట్లనే కూర్చున్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఆలోచన రాలేదు నాకు. పెండ్లికొడుకు నాయనమ్మ ఉన్నారు. మోకాళ్ల నొప్పులని లోపలి గదిలో మంచం మీదే ఉన్నారు ఆ రోజు. నేను పలకరించనేలేదు.

కోడలు_హన్మకొండ (ఉదయం 11:20)

టీచరమ్మ గారి మాట నాకు బాగా తగిలింది. నా డిగ్రీ మెమోలు పుట్టింటి పేరు మీద, ఆధార్ అత్తింటి పేరు మీద. మొన్న ఉద్యోగానికి కాగితాలు చూసేవాళ్లు ఇద్దరూ ఒక్కరేనని రుజువు తెమ్మన్నారు. ఒక్క మనిషినే నేను. ఆ మాట అనేసరికి కండ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆన్‌లైన్_సెంటర్_అన్న (మధ్యాహ్నం 1:05)

చెల్లె, తొందరపడి ఆధార్ మళ్లీ మార్చకు. ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, ఒకసారి నువ్వు వాడుకున్నావు. పెండ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే ముందు అది చూపించు. మా సెంటర్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఇంటిపేరు తిప్పలతోనే వస్తారు. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో దాంట్లో ఒక్క అక్షరం, పాస్‌బుక్కులో అసలే లేదు. ఇంగ్లీషులో రాసేసరికి గొడుగు కాస్తా గోడుగు అవుతుంది. పదో తరగతి మెమోలో ఉన్నట్టే అన్నిట్లో రాయించుకోండి. నేను అందరికీ చెప్పేది అదే.

జగిత్యాల_టు_దుబాయ్ (మధ్యాహ్నం 3:48)

గల్ఫ్‌లో మాకు ఇంటిపేరు అంటే ప్రాణం మీదికి వచ్చిన సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. మా ఊరి ఏజెంటు ఒకాయన నా ఇంటిపేరు గడి ఖాళీ వదిలేసి, ఇంటిపేరు కూడా పేరు గడిలోనే రాసేశాడు. 2022 నవంబరులో యూఏఈ వాళ్లు, ఒకటే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వస్తే లోపలికి రానివ్వమన్నారు. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని వివరణ ఇచ్చారు. ఆ నడుమ రోజుల్లో మా గదిలో నలుగురికి నిద్ర లేదు. మాలో ఒకరి భార్య, పిల్ల చూడ్డానికి రావాల్సి ఉండె, టికెట్లు తీసుకుని ఆగిపోయారు.

ఇక్కడ లేబర్ క్యాంపులో ఇంటిపేరుతోనే పిలుస్తారు, వాళ్లకు ముందున్నదే పేరు అన్నట్టు. పదేండ్లు నన్ను మా తాతలందరి పేరుతో పిలిచారు. మొదట్లో కష్టమనిపించేది. తర్వాత ఇంటి నుంచి ఎవరో పిలిచినట్టే ఉండేది.

భీవండి_మగ్గం (సాయంత్రం 6:30)

మేము సిరిసిల్ల నుంచి మహారాష్ట్రలోని భీవండికి వచ్చి మూడు తరాలు అయింది. ఇక్కడ ముందు పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మా పిల్లల పేర్లలో ఇంటిపేరు తోకకు పోయింది. అయినా పోలేదు. షోలాపూర్‌లో, ఇక్కడ, సాంచెల (పవర్‌లూమ్‌ల) మీద పనిచేసే మన పద్మశాలోళ్ల ఇంటిపేర్లు వింటే కరీంనగర్, వరంగల్ ఊర్లు కండ్ల ముందుకు వస్తాయి. మా గల్లీలో మరాఠీ వాళ్లకు ఆ మాటలకు అర్థం తెలియదు, మాకు తెలుసు. గాజుల అంటే గాజులు, చిలుక అంటే చిలుక.

ఆసు (చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ పోసే పని) యంత్రం చేసిన మల్లేశం గారి ఇంటిపేరు చింతకింది. ఎంత చక్కటి పేరు అది. ఏ చింతచెట్టు కింద ఏ ఇల్లుండెనో. వాళ్ల అమ్మ ఆసు పోస్తూ వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పి భుజం పడిపోతుంటే చూడలేక ఆ యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా దగ్గర ఆ ఇంటిపేరు చెబితే చాలు, మగ్గం తెలిసిన ప్రతి ఆడామె చేతులు జోడిస్తుంది.

కాజీపేట_జంక్షన్ (సాయంత్రం 7:10)

వస్తువుల పేర్లు కదా అడిగింది తమ్ముడు. కథల అల్లం రాజయ్య గారు, జర్నలిస్టు అల్లం నారాయణ గారు, ఇద్దరిదీ మంథని దిక్కు. ఆదిలాబాద్ సామల సదాశివ గారు, సంగీతం మీద రాసిన 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సామలంటే మన చిరుధాన్యమే. అందెశ్రీ గారి ఇంటిపేరు అందె, కాలికి పెట్టే అందె. ఆ ఇంటిపేరునే కవి పేరు చేసుకున్నారు. గద్దర్ ఇంటిపేరు గుమ్మడి. కడియం అంటే చేతికి వేసుకునేది, గోదావరి జిల్లాలో పూలమొక్కల నర్సరీలకు పేరుపడ్డ ఊరు, మన వరంగల్ దిక్కు ఇంటిపేరు కూడా. తమ్ముడూ, నీ గొడుగుకు కూడా ఊరి తోడు ఉంది, బందరులో గొడుగుపేట.

ఇంకొకటి రాయాలని ఉంది. వానమామలై వరదాచార్యులు గారు 1912లో మా మడికొండలోనే పుట్టారు, చెన్నూరులో స్థిరపడ్డారు, 'పోతన చరిత్రము' రాశారు. వానమామలై ఎక్కడుంది? తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో, వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. అక్కడి వానమామలై స్వామి (తోతాద్రి అనీ అంటారు) పేరు ఇక్కడ గోదావరి ఒడ్డున ఒక తెలుగు ఇంటికి పేరైంది. నేను ఆ గుడికి పోయినప్పుడు ద్వారం మీద పేరు చూసి మా ఊరు గుర్తొచ్చి నిలబడిపోయాను.

పాలకుర్తి_పోరడు (రాత్రి 8:02)

ఉన్న ఇంటిపేరు పోయి ఊరే ఇంటిపేరైన సంగతి కూడా ఉంది. సుద్దాల హనుమంతు గారిది నిజానికి గుర్రం ఇంటిపేరు. సుద్దాలలో ఉన్నారు కాబట్టి పాటతో పాటు సుద్దాల నిలిచింది, కొడుకు అశోక్ తేజ గారికి కూడా అదే వచ్చింది.

సూటిగా (రాత్రి 8:40)

టీచరమ్మా, పొద్దున మీది రెండుసార్లు చదివాను. మా అమ్మకు ఫోన్ చేసి పెండ్లికి ముందు తన ఇంటిపేరు ఏందో అడిగాను. ఇరవై తొమ్మిదేండ్ల వయసులో మొదటిసారి అడిగాను. అమ్మ చెప్పడానికి ముందు కొంచెంసేపు ఆగింది.

పరకాలరోడ్డు (తరువాతి ఆదివారం, రాత్రి 10:15)

పోయి వచ్చాను. నాయినను కూడా తీసుకుపోయాను.

పెండ్లికొడుకు నాయనమ్మ పుట్టిల్లు మొగుళ్లపల్లి. ఆమె పుట్టింటి పేరు గొడుగు. టీచరమ్మ చెప్పినట్టే 'బా' ఆమె పేరులో మొదటి అక్షరం. పెండ్లికి వాళ్ల నాయిన వరంగల్ నుంచి ఎడ్లబండి మీద గంగాళం తెచ్చాడట. పేరు మొత్తం కొట్టించడానికి పైసలు చాలక ఒక్క అక్షరంతో ఆపారట. అంటే ఆ అక్షరాలు అరిగిపోలేదు, అసలు కొట్టనేలేదు.

మేము వెంట తీసుకుపోయింది ఒకే ఒక్క కాగితం, 1954-55 ఖాస్రా పహాణీ నకలు. భూమి పని మీద తీసి ఇంట్లో పెట్టినది. దాంట్లో మా ముత్తాత పేరు పక్కన ఇంకో పేరు ఉంటుంది. ఆ మనిషి ఎవరో మా తాత ఎప్పుడూ చెప్పలేదు, నాయినకు తెలియదు. మేము కాగితం తీయకముందే ఆమె "మా తాత శాయంపేట దిక్కు నుంచి మొగుళ్లపల్లికి ఇల్లరికం వచ్చిండు" అని ఆయన పేరు చెప్పింది. అదే పేరు. నాయిన కాగితం విప్పి ఆ వరస మీద వేలు పెట్టి చూపించాడు. ఆమెకు చదువు రాదు. ఆ వేలు ఉన్న చోటే చాలాసేపు చూసింది.

నాయినకు వరసకు అక్క అవుతుంది ఆమె. నాకు మేనత్త. "తమ్మీ" అని ఒక్కసారి పిలిచి, చెంగుతో మొహం తుడుచుకుంది. ఆమెకు అన్నదమ్ములు లేరు. వాళ్ల నాయిన పోయాక పుట్టింటి ఒడిబియ్యం పోసేవాళ్లు లేక ముప్పై ఏండ్లు దాటిందట. మామయ్య పక్కన కూర్చుని అంతా వింటున్నాడు, "ఇగ పోయించుకో" అన్నాడు.

శ్రావణంలో పోయాలని నాయిన నిర్ణయించాడు. మా ఇంట్లో ఇంతవరకు ఆడబిడ్డ లేదు, మా అమ్మకు పద్ధతి సరిగ్గా తెలియదు. టీచరమ్మా, ఏమేం పట్టుకుపోవాలో చెప్పండి.

నర్సంపేట_టీచరమ్మ (సోమవారం, ఉదయం 5:50)

నాయనా, ఐదు సేర్ల బియ్యం తీసుకో, నూకలు లేకుండా చూసి పసుపు, కొంచెం నూనె కలపండి. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, తమలపాకులు, రవిక ముక్క. చీర మీ అమ్మ చేత్తో కొనాలి, మామయ్యకు బట్టలు మరవద్దు. ఆమె మోకాళ్లు నొప్పులన్నావు కదా, పీట మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టండి, తప్పేమీ లేదు. బియ్యం మీ నాయిన, మీ అమ్మ కలిసి పోయాలి. ముందు రోజు ఫోన్ చెయ్యి, వీలైతే నేనూ వస్తాను. నర్సంపేట నుంచి పొద్దున బస్సుకు బయలుదేరితే పరకాలకు పది గంటలకల్లా చేరుకుంటాను.